జెండా అందింది, చూపు అందలేదు

1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ విడుదలైంది. జమీందారీ దౌర్జన్యాన్ని సూటిగా ఎత్తిచూపిన సినిమా అది. చల్లపల్లి జమీందారు అండతో నడిచిన సారథి సంస్థే దాన్ని తీసినా, మిగతా జమీందార్లకు మింగుడుపడలేదు. బ్రిటిష్ ప్రభుత్వం నిషేధం విధించింది. మరుసటి ఏడాది మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు మన పలాసలో జరిగాయి. అవి ముగిసిన కొద్ది రోజులకే, 1940 ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు రైతుల మీద కాల్పులు జరిపారు. సాసుమాన గున్నమ్మ, ఆమెతో పాటు మరికొందరు రైతులు ప్రాణాలు విడిచారు. తెర మీద చూపించవద్దన్న కథ తోటల సీమ ఉద్దానం అంచున నేల మీదే నడిచింది.

రావివలస, టెక్కలి, పలాస, మందస చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు పోరాటం ఎక్కడో దూరాన జరిగిన ముచ్చట కాదు. జమీందారీ వ్యతిరేక ఉద్యమం తాతల నాటిది. 1967 తర్వాతి శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటం తండ్రుల నాటిది. థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దన్నవాళ్ల మీద 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో జరిగిన కాల్పులు మన కళ్ల ముందువి. తరానికొక ఘట్టం ఉన్న ఈ నేలకు తగిన సినిమా ఎందుకు రాలేదు? ఎర్ర సినిమాలు లెక్కకు మించి వచ్చిన తెలుగులో, చూసే కళ్లను మార్చిన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఎందుకు మిగిలాయి? దీనికి జవాబు వెతకాలంటే, విప్లవాన్ని, సినిమా కళను ఒకే పనిగా భావించిన తొలి మనుషుల దగ్గరికి, అంటే 1920ల సోవియెట్ దర్శకుల దగ్గరికి వెళ్లాలి.

ఫిల్మ్ కరువులో పుట్టిన కళ

1919 ఆగస్టు 27న లెనిన్ ప్రభుత్వం సినిమా పరిశ్రమను జాతీయం చేసింది. అదే ఏడాది మాస్కోలో సినిమా బడి తెరిచారు. అప్పటికి దేశమంతా అంతర్యుద్ధం. పాత నిర్మాతలు, తారలు చాలామంది దేశం వదిలిపోయారు. బయటి నుంచి ముడి ఫిల్మ్ రావడం లేదు. కొత్తగా తీయడానికి ఫిల్మ్ లేనప్పుడు, ఉన్న ముక్కల్నే తిప్పి తిప్పి అతికించి చూడడం మొదలుపెట్టాడు లెవ్ కులెషోవ్ అనే యువ ఉపాధ్యాయుడు. నటుడు మొజ్జూఖిన్ ముఖం ఉన్న ఒకే ముక్కను మూడు వేర్వేరు ముక్కల పక్కన పెట్టాడని చెబుతారు. ముఖం మారలేదు. పక్కన ఉన్నది మారినప్పుడల్లా చూసేవాళ్లకు ఆ ముఖంలో ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం, ఒకసారి కోరిక కనబడ్డాయి.

ఇది అర్థం కావడానికి మాస్కో దాకా పోనక్కర్లేదు. పలాస, కాశీబుగ్గల్లో జీడి పిక్కలు కొట్టే ఆడమనిషి ముఖాన్ని ఊహించుకోండి. ఆమె చూస్తోంది, అంతే. తర్వాత తూకం కాటా చూపిస్తే ఆ చూపులో కూలి లెక్క కనబడుతుంది. జీడి రసానికి పొక్కి నల్లబడిన ఆమె వేళ్లు చూపిస్తే అదే చూపులో నొప్పి కనబడుతుంది. సంచి తగిలించుకుని బడికి పోతున్న పిల్ల కనిపిస్తే అది ఆశ అవుతుంది. కాటాను, వేళ్లను, పిల్లను వరసగా చూపి, ఆ వెంటనే పట్నంలో పెళ్లి విందు పాయసంలో తేలే జీడిపప్పును చూపిస్తే, ఒక్క మాట చెప్పకుండా ఒక ఆర్థిక వ్యవస్థ అర్థమవుతుంది. ముక్కకూ ముక్కకూ మధ్య ప్రేక్షకుడి మెదడులో పుట్టే ఈ అర్థమే మొంటాజ్.

విప్లవానికి ఇది ఎందుకు కావలసివచ్చింది? దేశంలో ఎక్కువమందికి చదువు రాదు. ప్రచార రైళ్లు, నది మీద ‘రెడ్ స్టార్’ స్టీమరు ఊరూరా తిరుగుతూ సినిమాలు చూపించేవి. మాటల్లేని ఆ సినిమా భాష లేనివాడికి భాష అవుతుందని, కష్టజీవి తన కష్టం వెనుక ఉన్న సంబంధాన్ని కళ్లతో పట్టుకుంటాడని ఆ యువకులు నమ్మారు. వాళ్లలో చాలామందికి అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు.

జనమే కథానాయకుడు

సెర్గెయ్ ఐసెన్‌స్టీన్ నాటకరంగం నుంచి వచ్చాడు. ‘సమ్మె’ (1925) చివర్లో కార్మికుల మీద కాల్పులను, కబేళాలో ఎద్దును కోసే దృశ్యాన్ని కలిపి కూర్చాడు. అదే ఏడాది డిసెంబర్ 21న మాస్కో బోల్షోయ్ థియేటర్లో ‘యుద్ధనౌక పొటెంకిన్’ తొలి ప్రదర్శన జరిగింది. 1905లో పురుగులు పట్టిన మాంసం తినమన్నందుకు తిరగబడిన నావికుల కథ అది.

అందులోని ఒడెస్సా మెట్ల ఘట్టాన్ని ఇప్పటికీ ప్రపంచమంతా సినిమా బడుల్లో పాఠంగా చెబుతారు. పైనుంచి తెల్ల చొక్కాల సైనికులు వరసగా దిగుతుంటారు. వాళ్ల ముఖాలు మనకు సరిగా కనబడవు. బూట్లు, తుపాకులు, మెట్ల మీద పడే నీడలు మాత్రమే కనబడతాయి. కింద పరుగెత్తేవాళ్లకు ఒక్కొక్కరికీ ఒక ముఖం ఉంటుంది. తొక్కిసలాటలో నలిగిన కొడుకును చేతుల్లో ఎత్తుకుని ఒక తల్లి జనానికి ఎదురుగా మెట్లెక్కుతూ సైనికుల వైపు వస్తుంది. అందరూ కిందికి పారిపోతుంటే ఆమె ఒక్కతే పైకి నడుస్తుంది. తర్వాత పసిబిడ్డ ఉన్న తోపుడుబండి మెట్ల మీద జారిపోతుంది. మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోయే మెట్లు తెర మీద ఎంతకీ తరగవు. భయంలో ఉన్న మనిషికి కాలం ఎలా సాగుతుందో కత్తెరతో చూపించాడు ఐసెన్‌స్టీన్. అచ్చం అలాంటి ఊచకోత ఆ మెట్ల మీద చరిత్రలో జరగలేదు. నగరంలో జరిగిన హింసనంతా ఆయన ఒక్కచోటికి తెచ్చాడు. చివర్లో నౌక మీద ఎగిరే జెండాకు, నలుపు తెలుపు ఫిల్మ్ మీద, ఫ్రేము ఫ్రేముకీ చేత్తో ఎర్రరంగు వేశారు. ఆ సినిమాకు భయపడి బ్రిటన్ 1954 దాకా నిషేధం ఎత్తలేదు.

ఇక్కడ గమనించవలసింది, ఈ సినిమాకు హీరో లేడు. వకూలిన్‌చుక్ అనే నావికుడు మొదట్లోనే చనిపోతాడు. ఆ తర్వాత కథను నడిపేది జనం. ఒక్కడు వచ్చి అందరినీ ఉద్ధరిస్తాడన్న పాత కథను పక్కనపెట్టడమే ఆ సినిమా చేసిన అసలు విప్లవం. దానికి తగ్గట్టుగానే కెమెరా, కూర్పు మారాయి.

అమ్మ, నేల, కెమెరా

పుదోవ్‌కిన్ దారి వేరు. గోర్కీ నవల ఆధారంగా ఆయన తీసిన ‘అమ్మ’ (1926)లో వ్యక్తి ఉంది. భర్త చేతి దెబ్బలు తింటూ, కొడుకును తెలియక పోలీసులకు పట్టించిన తల్లి చివరికి జెండా పట్టుకుని నిలబడుతుంది. ఊరేగింపు ముందుకు సాగుతుంటే నది మీద మంచు పగిలి పలకలు పలకలుగా కొట్టుకుపోతుంటుంది. రెండు కదలికలూ ఒకదాన్నొకటి మోసుకుపోతాయి. ఐసెన్‌స్టీన్ ముక్కల్ని ఢీకొట్టిస్తే, పుదోవ్‌కిన్ ఇటుక మీద ఇటుక పేర్చినట్టు పేర్చాడు. ఇద్దరూ ఏళ్ల తరబడి వాదించుకున్నారు. కళ గురించి అంత గట్టిగా వాదించుకునే వాతావరణం ఉండడమే ఆ దశాబ్దపు బలం.

డోవ్‌జెంకో ఉక్రెయిన్ రైతు ఇంటి బిడ్డ. ఆయన ‘భూమి’ (1930)లో ముసలి తాత ఆపిల్ పళ్ల మధ్య పడుకుని ప్రశాంతంగా కన్నుమూస్తాడు. ఊరికి తొలి ట్రాక్టరు తెచ్చిన యువకుడు వసీల్ వెన్నెల రాత్రి దుమ్ము రేగేలా ఒంటరిగా నాట్యం చేస్తూ ఇంటికి వస్తూ తూటాకు కూలిపోతాడు. అతని శవాన్ని తోటల గుండా మోసుకుపోతుంటే పళ్ల కొమ్మలు ముఖాన్ని నిమురుతాయి. తోటల మధ్య బతికే ఉద్దానం మనిషికి ఈ సినిమా ఎవరూ విప్పి చెప్పకుండానే అర్థమవుతుంది. 2018 తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టినప్పుడు ఇక్కడి రైతు ఏం పోగొట్టుకున్నాడో డోవ్‌జెంకోకు తెలుసుననిపిస్తుంది.

జిగా వెర్తోవ్ కథనే వద్దన్నాడు. నటులు వద్దు, సెట్లు వద్దు, ఉన్న జీవితాన్ని కెమెరా కన్నుతో పట్టుకోవాలన్నాడు. ‘కెమెరా పట్టిన మనిషి’ (1929)లో ఒక నగరపు రోజంతా ఉంటుంది. దాన్ని తీస్తున్న తమ్ముడు మిఖయిల్ కాఫ్‌మన్, ఆ ఫిల్మ్‌ను బల్ల దగ్గర కూర్చుని కూరుస్తున్న భార్య ఎలిజవేతా స్విలోవా కూడా తెర మీద కనబడతారు. సినిమా కూడా నేతలాగా, కుట్టుపనిలాగా ఒక శ్రమేనని చెప్పిన చిత్రమిది. ఎస్ఫిర్ షూబ్ అనే మహిళ జారు కుటుంబం సొంతంగా తీయించుకున్న ఫిల్మ్ ముక్కలతోనే ఆ వంశపు పతనాన్ని చూపించింది (1927). పాలకుడు తీయించుకున్న బొమ్మే పాలకుడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పగలదని ఆమె నిరూపించింది.

ఆదర్శం ఆజ్ఞగా మారినప్పుడు

ఈ కథలో వెలుగే చెప్పి ఊరుకుంటే అది సమీక్ష అనిపించుకోదు. సోవియెట్ ప్రేక్షకులు ఈ సినిమాల కంటే ఫెయిర్‌బ్యాంక్స్, మేరీ పిక్‌ఫర్డ్ నటించిన అమెరికన్ సినిమాలకే ఎక్కువగా ఎగబడ్డారు. సామాన్యుడికి అర్థం కావడం లేదన్న విమర్శ మొదట్లో నిజాయితీ గల విమర్శే. స్టాలిన్ కాలంలో అది ఆయుధమైంది. ‘అక్టోబర్’ (1928) నుంచి ట్రాట్‌స్కీ కనబడే దృశ్యాలు తీసేయవలసివచ్చింది. సహకార వ్యవసాయం మీద ఐసెన్‌స్టీన్ తీసిన సినిమాకు స్టాలిన్ జోక్యంతో పేరు, ముగింపు మారాయి. 1934లో సోషలిస్టు వాస్తవికత అధికారిక విధానమైంది. ఆ ఏడాది వచ్చిన ‘చపాయెవ్’ జనాన్ని ఉర్రూతలూగించింది. అది బాగా తీసిన సినిమానే. దానితో గుంపు పక్కకు జరిగి హీరో మళ్లీ మధ్యలోకి వచ్చాడు. 1937లో ఐసెన్‌స్టీన్ ‘బెజిన్ మైదానం’ను మధ్యలో ఆపించారు. సినిమా శాఖ అధిపతి షుమ్యాత్‌స్కీని 1938లో కాల్చి చంపారు. ‘ఇవాన్ ది టెరిబుల్’ రెండో భాగాన్ని దర్శకుడు చనిపోయిన పదేళ్లకు, 1958లో, విడుదల చేశారు.

ఇంకా బాధ కలిగించేది ‘భూమి’ చుట్టూ జరిగిన చరిత్ర. ట్రాక్టరు రాకను పండుగలా చూపిన ఆ సినిమా వచ్చిన రెండు మూడేళ్లకే, 1932-33లో, బలవంతపు ధాన్య సేకరణతో ఉక్రెయిన్ పల్లెల్లో కరువు విరుచుకుపడి లక్షల మంది చనిపోయారు. ఆ కరువును సోవియెట్ తెర చూపించలేదు. అందంగా తీసిన ఆదర్శం అబద్ధానికి ముసుగు కాగలదని ఒప్పుకోకపోతే మనం ఆ సినిమాల నుంచి ఏమీ నేర్చుకోనట్టే.

స్టాలిన్ తర్వాత మంచు కరిగింది. కలతోజోవ్ ‘ఎగిరే కొంగలు’ 1958లో కాన్ ఉత్తమ చిత్రమైంది. దాని ఛాయాగ్రాహకుడు ఉరుసెవ్‌స్కీ చేతి కెమెరా మనిషి గుండెతో పాటు పరుగెత్తింది. కానీ ఆస్కోల్దోవ్ 1967లో తీసిన ‘కమిసార్’ను ఇరవై ఏళ్ల పాటు తొక్కిపెట్టారు. నా అభిప్రాయం ఒక్కటే. 1920లలో ఆదర్శం, చూపు కలిసి పుట్టాయి. ఆదర్శాన్ని ప్రభుత్వం సొంతం చేసుకుని చూపును అనుమానించడం మొదలుపెట్టిన రోజున రెండూ ఎండిపోయాయి.

మనకు చేరినవి, చేరనివి

తెలుగువాళ్లకు సోవియెట్ దేశం పుస్తకాల ద్వారా చేరింది. గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేశారు. మనకు పొరుగూరే అయిన బరంపురంలో పుట్టిన ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలను తెలుగులోకి తెచ్చారు. ఆ పుస్తకాలు చవగ్గా ఊళ్లకు వచ్చాయి. ‘అమ్మ’ చదివి జీవితం మలుచుకున్నవాళ్లు ఈ జిల్లాలో ఎందరో. పుదోవ్‌కిన్ ‘అమ్మ’ను చూసినవాళ్లు మాత్రం అరుదు. కలకత్తాలో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా 1947లో ఫిల్మ్ సొసైటీ పెట్టి మొట్టమొదట ‘పొటెంకిన్’ వేశారు. 1951లో పుదోవ్‌కిన్ స్వయంగా భారతదేశానికి వచ్చి, నిమాయ్ ఘోష్ బెంగాలీ చిత్రం ‘ఛిన్నమూల్’ను మెచ్చుకున్నారు. బెంగాల్‌కు ఆ చూపు చేరింది. మనకు జెండా, పాట, నినాదం చేరాయి.

ఇది కేవలం లోటు కాదు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధి భాగోతాన్ని ఆయుధం చేసుకుంది. ఆ సంస్థ గరికపాటి రాజారావును (‘పుట్టిల్లు’, 1953) సినిమాకు ఇచ్చింది. తాపీ చాణక్య ‘రోజులు మారాయి’ (1955) కౌలు రైతు పక్షాన నిలిచి ఘనవిజయం సాధించింది. బుర్రకథను ఒకసారి జాగ్రత్తగా గమనించండి. కథకుడు వీరగాథ చెబుతుంటాడు. ఒక వంత దాన్ని తెంచి హాస్యమాడతాడు. ఇంకో వంత ఇవాళ్టి రాజకీయంలోకి లాగుతాడు. ఈ మూడు గొంతుల ఢీకొనడంలోనే అర్థం పుడుతుంది. ఐసెన్‌స్టీన్ సర్కస్ నుంచి, జనం ఆటల నుంచి తీసుకున్న సూత్రం మన పల్లె అరుగు మీద అప్పటికే ఉంది. బొడ్డపాడులో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను తిరుగుబాటు గొంతుగా మార్చినప్పుడు, ఆయన 1969 డిసెంబర్‌లో తూటాకు బలైనప్పుడు, ఆ రూపంలో ఎంత శక్తి ఉందో పాలకులకు అర్థమైంది. సినిమావాళ్లకు అర్థం కాలేదు. బుర్రకథను వాళ్లు తెర మీద ఒక పాటగా పెట్టారు. దాని కూర్పును సినిమా కూర్పుగా మార్చుకోలేదు.

ఎర్ర సినిమాల దశాబ్దాలు

1980లలో మాదాల రంగారావు ‘యువతరం కదిలింది’, ‘ఎర్రమల్లెలు’తో, టి. కృష్ణ ‘నేటి భారతం’, ‘దేశంలో దొంగలు పడ్డారు’తో, ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’ (1986), ఆ తర్వాత ‘ఎర్రసైన్యం’ (1994)తో తెలుగు తెరను ఎర్రబరిచారు. వీళ్ల నిజాయితీని శంకించడం అన్యాయం. తారల మీద నడిచే పరిశ్రమలో, సెన్సారు కత్తెర కింద, సొంత డబ్బు పెట్టి కూలివాడి కథ చెప్పడం సామాన్యమైన పని కాదు. ఉత్తరాంధ్ర మాండలికాన్ని, వంగపండు ప్రసాదరావు గజ్జెల మోతను రాష్ట్రమంతా వినిపించిన ఘనత నారాయణమూర్తి సినిమాలదే. టెక్కలి, కాశీబుగ్గ హాళ్లలో వాటికి పడిన ఈలలు మొక్కుబడి ఈలలు కావు.

అయినా కెమెరా సంగతి చూద్దాం. కింది కోణం నుంచి కథానాయకుడు, వెనకాల జెండా, చుట్టూ జనం. భూస్వామి నవ్వు మీదికి జూమ్. చివరికి ఒక్కడే వచ్చి లెక్క తేలుస్తాడు. మాట ఎర్రగా ఉంది. చూసే తీరు మాత్రం అదే థియేటర్లో పక్కవారం ఆడే యాక్షన్ సినిమాదే. ‘పొటెంకిన్’లో ప్రతి ముఖం చరిత్ర అయితే, ఈ సినిమాల్లో జనం వెనకాల నిలబడే గుంపు అయిపోయారు. ప్రేక్షకుడు కోపంతో బయటికి వస్తాడు. తన జీవితం వెనుక ఉన్న సంబంధాన్ని కొత్తగా చూసి బయటికి రాడు.

రెండూ కలిసినప్పుడు

ఆదర్శం, చూపు కలిసిన సందర్భాలూ ఉన్నాయి. మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ (1977) ప్రేమ్‌చంద్ ‘కఫన్’ను తెలంగాణ పల్లెకు తెచ్చింది. పని చేస్తే దొర బాగుపడతాడు కాబట్టి పనే చేయనంటాడు అందులో ముసలి వెంకయ్య. ఆ మొండితనాన్ని కె.కె. మహాజన్ కెమెరా జాలి లేకుండా, తీర్పు చెప్పకుండా చూసింది. 1980 మార్చి 23న, భగత్ సింగ్ వర్ధంతి రోజున, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ‘మాభూమి’ విడుదలైంది. కిషన్ చందర్ నవల దానికి ఆధారం. రామయ్య పాత్ర ఉన్నా, మనకు గుర్తుండేది ఊరు. బతికిన మనుషుల ముఖాలు, గడీ గోడలు, భుజాన గొంగడి వేసుకుని పాడే గద్దర్. పాట అక్కడ విరామం కాదు, కథను నడిపించే శక్తి. నరసింగరావు ‘దాసి’ (1988) ఇంకో అడుగు వేసింది. గడీలో దాసి కమలాక్షి మాట్లాడేది తక్కువ. నీళ్లు మోయడం, కాళ్లు కడగడం, నేల తుడవడం, ఎదురుచూడడం. కెమెరా కదలకుండా ఉండి ఆ పనుల బరువును మన మీద పెడుతుంది. ఎ.కె. బీర్ ఛాయాగ్రహణానికి, అర్చన నటనకు, వైకుంఠం కళకు జాతీయ బహుమతులు వచ్చాయి. సోవియెట్ పద్ధతి వేగమైన కోత, ‘దాసి’ది నిదానమైన చూపు. పద్ధతులు ఎదురుబొదురుగా ఉన్నా సూత్రం ఒకటే. దోపిడీ ఎలా జరుగుతుందో బొమ్మే చెప్పాలి.

2020లో కరుణకుమార్ ‘పలాస 1978’ మన ఊరి పేరుతోనే వచ్చింది. జీడి వ్యాపారం, కులం, దళిత కళాకారుల కుటుంబం తెరకెక్కాయి. మన యాస, మన పాట సిగ్గుపడకుండా వినిపించాయి. రెండో సగంలో కక్షల కథ మామూలు దారి పట్టినా, ఎర్ర సినిమా చాలాకాలం దాటవేసిన కులాన్ని సూటిగా చూసిన సినిమా ఇది. ఆ మేరకు అది ఒక మెట్టు.

ఇప్పుడు చేయవలసింది

ఈ ప్రాంతంలో చెప్పవలసిన కథలు అడుగడుగునా ఉన్నాయి. గున్నమ్మ, బొడ్డపాడు, సోంపేట బీల చిత్తడినేల, కాకరాపల్లి, డయాలసిస్ కోసం వరసగా కూర్చున్న ఉద్దానం మనుషులు, టెక్కలి గ్రానైట్ క్వారీల్లో దుమ్ము పీల్చే కూలీలు. ఫిల్మ్ లేని దేశంలో కులెషోవ్ పాత ముక్కలతో ఒక కళను నిర్మించాడు. ఇవాళ ప్రతి కుర్రాడి చేతిలో కెమెరా ఉంది, కూర్చే పరికరం కూడా అదే ఫోనులో ఉంది. లోటు పరికరానిది కాదు, శిక్షణది. రీల్ తీసేవాడికి ఏ ముక్క పక్కన ఏ ముక్క పెడితే ఏ నిజం బయటపడుతుందో నేర్పేవాళ్లు కావాలి.

టెక్కలి, పలాస కళాశాలల అధ్యాపకులకు, గ్రంథాలయాలకు, ప్రజాసంఘాలకు నా విన్నపం ఇది. నెలకొకసారి ఒక గది, ఒక ప్రొజెక్టరు ఏర్పాటు చేయండి. ‘పొటెంకిన్’, ‘అమ్మ’, ‘భూమి’, ‘కెమెరా పట్టిన మనిషి’ వేయండి. వాటి పక్కనే ‘మాభూమి’, ‘దాసి’ వేయండి. 1932-33 కరువు గురించి కూడా అదే గదిలో మాట్లాడండి. అభిమానంతో పాటు అనుమానమూ నేర్పండి. పాత సోవియెట్ సినిమాలు చాలావరకు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఖర్చు కంటే పట్టుదలే ఎక్కువ కావాలి. మన నేల మీద జరిగిన పోరాటాల్ని మన పిల్లలే తీయాలి. ఆ సినిమాల్లో జెండా ఎంత ఎర్రగా ఉందన్నదాని కంటే, కూలి మనిషి ముఖం తెర మీద ఎంత స్పష్టంగా కనబడిందన్నదే మనం అడగవలసిన ప్రశ్న.